తల్లులపై మోపిన నింద

2025వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీని అమెరికా అధ్యక్షుడు ట్రంపుగారు వాషింగ్టను నగరమున తమ అధికారభవనమునందు విలేఖరులను సమావేశపరచి, గర్భిణీస్త్రీలు జ్వరమునకును నొప్పులకును వాడు పారాసిటమాలు మందువలన పుట్టబోవు బిడ్డలకు ఆటిజము కలుగవచ్చునని చెప్పి, చేతనైనంతవరకు ఆ మాత్రను ముట్టక బాధను ఓర్చుకొనవలసినదని తల్లులకు హితబోధ గావించిరి. అది జరిగిన రెండు దినములకే ప్రపంచారోగ్యసంస్థ ఆ మాటకు నిలుకడగల సాక్ష్యము లేదని ప్రకటించినది. అంతకుముందే, 2024లో, స్వీడను దేశమున ఇంచుమించు 25 లక్షలమంది బిడ్డల వృత్తాంతములను పరిశీలించిన పండితులు, ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకరి గర్భకాలమున ఆ మందు వాడబడియు, మరియొకరి గర్భకాలమున వాడబడకయు ఉన్న తోబుట్టువులను సరిపోల్చి, మందునకును ఆటిజమునకును సంబంధము కానరాలేదని తేల్చియుండిరి. గర్భిణికి జ్వరము తగ్గింపకుండ విడిచిపెట్టుటయే తల్లికిని బిడ్డకును హానికరమని వైద్యులు మొత్తుకొనిరి. అట్లయ్యు అధ్యక్షపీఠమునుండి వెలువడిన మాటకు గల వేగము శాస్త్రజ్ఞుల మాటకు ఉండదు గదా!

ఈ ప్రకటనమునందు మమ్ము కలతపెట్టినది మందు సంగతి కాదు. బిడ్డకు కలిగిన లోపమునకు కారణము స్పష్టముగా తెలియని ప్రతి సందర్భమునను లోకము ముందుగా తల్లివైపు వ్రేలు చూపుట యను పాతయలవాటు, ఈనాడు సర్వసమృద్ధమైన దేశమున, అధ్యక్షుని నోట మరల పలుకుటయే మా కలతకు హేతువు. ఈ యలవాటు పరదేశములది మాత్రమే యని మనము సంతోషింపనక్కరలేదు. పెదవి చీలి పుట్టిన బిడ్డకు మన భాషలో గ్రహణపుమొఱ్ఱి యని పేరు. ఆ పేరులోనే తల్లిపై నేరారోపణ ఇమిడియున్నది. గ్రహణసమయమున ఆమె కత్తిపీట పట్టినదో, వాకిట తిరిగినదో, బిడ్డ పెదవి చీలినదట! ఈ తీర్పు చెప్పినవారిలో ఎవ్వరును ఆమె వాఙ్మూలము తీసికొనలేదు. ఇట్టి వ్యవహారమున శాస్త్రము నేడు చెప్పుచున్నదేమి, అందునుండి మనము నేర్వవలసినదేమి, దొరతనమువారు చేయవలసినదేమి యను మూడు విషయములను పాఠకుల యెదుట నుంచుట మా ధర్మముగా భావించుచున్నాము.

ఆటిజము అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు. మెదడు రూపొందునప్పుడు దాని నాడీమార్గముల కూర్పునందు కలుగు భేదము. ఇట్టి బిడ్డ ఏడాది నిండినను పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడకపోవచ్చును. కావలసినదానిని వ్రేలితో చూపకపోవచ్చును. వచ్చిన మాటలు రెండవయేట పోగొట్టుకొనవచ్చును. ఒకే చేష్టను గంటలకొలది చేయుచుండవచ్చును. కొందరు జీవితాంతము ఒకరి సాయమున బ్రతుకవలసియుందురు. మరికొందరు చదువులలో అందరిని మించిపోవుదురు. ప్రపంచారోగ్యసంస్థవారి లెక్క ప్రకారము 2021లో భూమిపై ప్రతి 127 మందిలో ఒకరు ఈ స్థితిలో ఉండిరి. మన దేశమున హైదరాబాదుతో గూడ ఐదుచోట్ల జరిపి 2018లో ప్రకటించిన పరిశీలనము, చూపు, వినికిడి, మూర్ఛ మొదలగువానిని కూడ కలిపి లెక్కించి, 2 మొదలు 9 సంవత్సరముల వయస్సు గల బిడ్డలలో ఇంచుమించు ఎనమండుగురికి ఒకరు ఏదో యొక నాడీవికాసలోపముతో నున్నారని తెలిపినది. ఇది ఏ కొలదిమంది ఇంటి గొడవయో కాదని దీనివలన స్పష్టము.

ఈ స్థితిని 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది బిడ్డలను చూచి ప్రత్యేకముగా వర్ణించెను. ఇది పుట్టుకతో వచ్చినదని ఆయనకు తోచినది. కాని ఆ బిడ్డల తలిదండ్రులు ముభావులుగా, ఆప్యాయత లేనివారుగా కనబడిరని కూడ ఆయన వ్రాసెను. లోకము మొదటి మాట విడిచి రెండవ మాట పట్టుకొన్నది. తల్లి హృదయము చల్లబడుటచేతనే బిడ్డ తనలోనికి ముడుచుకొని పోవుచున్నదను వాదము పుట్టి, 1967లో చికాగో నగరమునందలి బ్రూనో బెటల్‌హైము వ్రాసిన గ్రంథముతో పరాకాష్ఠ నందినది. ఎందరో తల్లులను బిడ్డలనుండి వేరుచేసిరి. చికిత్స పేర వారిచేత లేని నేరము ఒప్పించిరి. ఈ వాదమును తానే ఒక ఆటిజము గల బిడ్డకు తండ్రియైన బెర్నార్డు రిమ్లాండు 1964లోనే ఖండించి యుండెను. తుదకు 1969లో కానరే తలిదండ్రుల సభకు వచ్చి వారిని నిర్దోషులని బహిరంగముగా చెప్పవలసివచ్చెను. ఈ వాదమునకు ఇంచుమించు ఒక తరము తల్లులు బలియైరి.

ఆ నింద తొలగుటకు ఆధారము కవలపిల్లలవలన దొరకినది. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేలు రట్టరు అనువారు ఇంగ్లాండున 21 జతల కవలలను పరిశీలించిరి. ఒకే పిండము చీలి పుట్టిన ఏకరూపకవలలు 11 జతలు. వేరువేరు పిండములనుండి పుట్టినవారు 10 జతలు. మొదటి వర్గమున 4 జతలలో ఇరువురికిని ఆటిజము ఉన్నది. రెండవ వర్గమున ఒక్క జతలోను ఇరువురికి లేదు. ఒకే తల్లి, ఒకే ఒడి, ఒకే పాలు, ఒకే ఇల్లు. తల్లి మనస్సే కారణమైనచో రెండు వర్గములకు ఈ భేదమేల రావలెను? 2019లో డెన్మార్కు, ఫిన్లాండు, స్వీడను, ఇస్రాయేలు, పశ్చిమ ఆస్ట్రేలియాలకు చెందిన 20 లక్షల బిడ్డల లెక్కలు తీయగా, ఆటిజము విషయమున మనుష్యులలో కనబడు భేదమునకు సుమారు 80 పాళ్లు పుట్టుకలోని జన్యుభేదములే కారణమని తేలినది. తల్లి ప్రవర్తనకు, ఆహారమునకు, మనస్సునకు అంటగట్టదగిన భాగము మిక్కిలి స్వల్పమని కనబడినది.

ఈ లెక్కను పాఠకులు పొరపాటుగా గ్రహింపకుండ ఒక మాట చెప్పవలసియున్నది. మాగాణిలో ఒకే చెరువునీరు, ఒకే ఎరువు పెట్టి పలురకముల వడ్లు చల్లినచో, పైరులో కనబడు హెచ్చుతగ్గులు చాలభాగము విత్తనమువలననే కలుగును. అంతమాత్రమున నీరు, ఎరువు అనవసరములని ఏ రైతును అనడు. 80 పాళ్లనగా నూర్గురు బిడ్డలలో ఎనుబదిమందికి తలిదండ్రులనుండి జబ్బు వచ్చినదని అర్థము కాదు. ఇతరకారణములును కొన్ని యున్నవి. మూర్ఛకు వాడు వాల్ప్రోయేటు మందు గర్భకాలమున హానికరమని రూఢియైనది. గర్భమున సోకు రుబెల్లా జ్వరమును, నెలలు నిండని కాన్పును ప్రమాదమును పెంచునవే. అయినను ఇవి వైద్యుడు గమనింపవలసిన సంగతులే కాని తల్లిని నిందించుటకు సాకులు కావు.

ఇక జన్యువులయందు జరుగు పొరపాటు ఎట్టిదో చూతము. మన పూర్వులు తాళపత్రగ్రంథములను వ్రాయసకాండ్రచేత ప్రతి వ్రాయించెడివారు. ఎంత నిపుణుడైనను వ్రాయసకాడు అక్కడక్కడ ఒక అక్షరము జారవిడుచును, ఒక పంక్తి రెండుమారులు వ్రాయును. మూలమున తప్పు లేకున్నను ప్రతిలో తప్పు పడును. మానవదేహనిర్మాణమునకు సంబంధించిన లిపియు ఇట్లే తరతరమునకు ప్రతి వ్రాయబడుచున్నది. ప్రతి శిశువునందును తలిదండ్రులలో లేని క్రొత్తమార్పులు సుమారు 60, 70 వరకు ఉండుట సహజము. వానిలో అధికాంశము నిరపాయములు. దురదృష్టవశమున ఎప్పుడైన ఒకటి మెదడు నిర్మాణమునకు కీలకమైన చోట పడినచో ఆటిజము, బుద్ధిమాంద్యము, మూర్ఛ వంటివి కలుగును. ఐస్లాండు దేశమున 2012లో ప్రకటించిన పరిశోధనము ఈ క్రొత్తమార్పులలో అధికభాగము తండ్రి బీజమునుండి వచ్చుచున్నవనియు, తండ్రి వయస్సు ఒక్కొక్క యేడు పెరిగినకొలది సుమారు రెండేసి మార్పులు హెచ్చుచున్నవనియు వెల్లడించినది. తప్పెవరిదని వెదకువారికి ఈ లెక్క వినుట కొంచెము కష్టముగా నుండును.

ఆటిజమునకు చేరువైన రెట్ వ్యాధి దీనికి మంచి నిదర్శనము. 1966లో వియన్నా వైద్యుడు ఆండ్రియాస్ రెట్ దీనిని మొదట వర్ణించెను. ఇది ఇంచుమించు ఆడపిల్లలకే వచ్చును. పుట్టినప్పుడు చక్కగానున్న పాప, ఏడాది దాటుచుండగా చేతిపని, మాట కోల్పోయి, రెండు చేతులు నలుపుకొనుచుండును. 1999లో హుదా జోగ్బీ యను విదుషి పరిశోధనశాలలో దీనికి కారణమైన జన్యువు దొరకినది. ఆ మార్పు ఇంచుమించు ఎల్లప్పుడు క్రొత్తగా పుట్టినదే. అందును చాలవరకు తండ్రి బీజమున పుట్టినది. అనగా తల్లివంశమున గాని, తండ్రివంశమున గాని ముందెవ్వరికిని లేనిది. ఇట్టి బిడ్డను కన్న తల్లిని అత్తింటివారు దెప్పిపొడిచినచో, అది దోషము లేనిచోట దోషమెంచుటయే.

మరియొక విధమైనది ఫ్రాజైల్ ఎక్స్ అను స్థితి. 1991లో కనుగొనబడిన ఆ జన్యువునందు ఒక మూడక్షరముల పదము, వ్రాయసకాడు కునికిపాటున మరల మరల వ్రాసినట్లు, మితిమించి పునరుక్తమగుచుండును. 55 మొదలు 200 వరకు ఉన్నచో మోయువారికి బుద్ధిలోపము సాధారణముగా కలుగదు. కాని ఆ సంఖ్య తల్లిద్వారా దిగునప్పుడు పెరుగవచ్చును. 200 దాటినచో ఆ జన్యువు మూగబోవును. మోయుచున్న పురుషుడు దానిని తన కుమార్తెలందరికి ఇచ్చును, కుమారులకు ఇయ్యడు. కావున మనుమని వ్యాధికి బీజము తాతయందుండి, తల్లి దానిని మోసినదిగా మాత్రమే ఉండవచ్చును. పరీక్ష లేనిచో ఈ చరిత్ర ఎవ్వరికి తెలియును? నింద మాత్రము మోసినయామెకు దక్కును.

ఇంతమాత్రమున ఆటిజమునకు ఒక్క జన్యువే కారణమని తలపరాదు. 35 వేలకు పైగా మనుష్యుల జన్యువులను చదివి 2020లో ప్రకటించిన పరిశోధనము 102 జన్యువులను పేర్కొన్నది. ఇవిగాక, ఒక్కొక్కటి ఆవగింజంత ప్రభావము గల సామాన్యభేదములు వేలకొలది కలిసి పనిచేయుచున్నవి. అందువలననే నేటి పరీక్షలు అన్నియు చేసినను, ఆటిజము గల బిడ్డలలో పదింట ఒకరిద్దరికి మాత్రమే ఇదియే కారణమని నిర్ధారణగా చెప్పగలుగుచున్నారు. ఒక బిడ్డకు ఉన్నచో తరువాతి తోబుట్టువునకు వచ్చు అవకాశము ఐదింట ఒకటిగా కనబడుచున్నది. ఇది భయపెట్టుటకు చెప్పుమాట కాదు. తరువాతి బిడ్డను మొదటినుండియు జాగ్రత్తగా కనిపెట్టి చూచుకొమ్మని చెప్పుమాట.

తెలుగుదేశమున ఈ ప్రసంగము రాగానే మేనరికముల మాట వచ్చును. ఆ విషయమునను నిజము చెప్పుటయే మేలు. తలిదండ్రులిరువురియందును దాగియున్న ఒకే లోపము రెండువైపులనుండి కలిసినప్పుడే బయటపడు వ్యాధులు కొన్ని యున్నవి. దగ్గరి చుట్టరికము గలవారికి పూర్వులనుండి ఒకే లోపము సంక్రమించియుండుట సులభము. మేనమామను పెండ్లాడిన స్త్రీ బిడ్డకు జన్యువులలో ఎనిమిదింట ఒక పాలును, మేనబావను పెండ్లాడినయామె బిడ్డకు పదునారింట ఒక పాలును రెండువైపుల ఒకటే యగుటకు అవకాశము గలదు. కావున భూమి చేయిదాటిపోవునను భయముతో మేనరికములు చేయు పెద్దలు ఈ లెక్కను కూడ తమ ఆస్తిలెక్కలలో చేర్చుకొనవలసియున్నది. కాని ఇట్టి వ్యాధులయందు లోపము ఇరువైపులనుండియు సమముగా వచ్చును. కోడలి పాలు ఎంతయో కుమారుని పాలు అంతే. దూరపు సంబంధములు చేసికొన్నవారికిని ఆటిజము గల బిడ్డలు పుట్టుచునే యున్నారు. కావున మేనరికమే సర్వమునకు మూలమనుటయు మరియొక తొందరపాటు తీర్పే యగును.

జన్యువులయందున్నదనగానే ఇక చేయదగినదేమియు లేదని నిరాశపడువారు గలరు. వారికి ఫినైల్‌కీటోన్యూరియా యను వ్యాధి చరిత్ర సమాధానము చెప్పును. నార్వే దేశమున ఒక తల్లికి ఇద్దరు బిడ్డలు. ఇరువురును బుద్ధిమాంద్యము గలవారు. వారి మూత్రమున ఒక వింతవాసన యున్నదని ఆమె కనిపెట్టి, ఎందరు వైద్యులు కొట్టివేసినను విడువక తిరిగెను. తుదకు ఫోలింగ్ అను వైద్యుడు ఆమె మాట మన్నించి మూత్రమును పరీక్షించి, 1934లో ఆ వ్యాధి రహస్యమును లోకమునకు తెలిపెను. ఆహారమునందలి మాంసకృత్తులలో ఒక పదార్థము జీర్ణింపక విషమై మెదడును చెరచుచున్నదని తేలినది. ఆ పదార్థమును తగ్గించిన ఆహారమును 1953 నుండి ఇయ్యసాగిరి. పుట్టిన కొలదిదినములకే మడమనుండి నెత్తుటిబొట్టు తీసి వ్యాధిని పసిగట్టు పరీక్ష 1960 తరువాత వచ్చినది. నేడా వ్యాధితో పుట్టిన బిడ్డ, వేళకు పథ్యము మొదలిడినచో, అందరివలె చదువుకొని పెరుగుచున్నది. వ్యాధి జన్యువులలోనిదే, ఫలితము మాత్రము పథ్యముతో మారినది. ఈ చరిత్రయందు తల్లి దోషి కాదు. ఆమెయే మొదటి పరిశోధకురాలు. ఆ నెత్తుటిబొట్టు పరీక్ష మన దేశమున ప్రతి శిశువునకు జరుగు ఏర్పాటు నేటికిని లేకుండుట మనకు తలవంపు కాదా?

తల్లిని నిందించు సమాజమున ఆమె తప్పించుకొను దారి వెదకును. ఆ దారిలో వర్తకులు కాచుకొనియుందురు. మూలకణముల సూదులతో ఆటిజము కుదుర్తుమని లక్షలు గుంజువారు గలరు. ఆ కణములను కొన్ని రక్తవ్యాధులు మొదలగు ఆమోదితసందర్భములలో తప్ప, పరిశోధనకు వెలుపల చికిత్సగా వాడరాదని 2017లో భారతీయ వైద్యపరిశోధనమండలివారి నియమావళి స్పష్టపరచినది. పొలము తాకట్టుపెట్టి ఆ సూదులకు పోయువారికి ఈ సంగతి చెప్పువారు లేరు. టీకాలవలన ఆటిజము వచ్చునను పుకారును అట్టిదే. 1998లో 12 మంది బిడ్డలను చూపి వ్రాసిన ఆ వ్యాసమును ప్రకటించిన పత్రికయే 2010లో ఉపసంహరించుకొన్నది. 2019లో డెన్మార్కున 6,57,461 మంది బిడ్డల లెక్క తీసి, అట్టి సంబంధము లేదని తేల్చిరి.

ఇక దొరతనమువారి విధి. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజమునకు స్థానమే లేకుండెను. 1999 నాటి జాతీయన్యాసచట్టము దానిని గుర్తించినది. 2016 నాటి చట్టము 21 వైకల్యములలో చేర్చి, 40 పాళ్లకు తగ్గని వైకల్యము గల బిడ్డలకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచితవిద్యకు హక్కు కల్పించినది. ఆటిజమును కొలుచుటకు దేశమంతట వాడు భారతీయ ప్రమాణము మన సికింద్రాబాదునందలి జాతీయసంస్థలో రూపొందినదేయని తెలుగువారు గర్వింపవచ్చును. 2013లో నెలకొల్పిన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము ప్రకారము జిల్లాకేంద్రములలో బిడ్డల ఎదుగుదలను పరీక్షించు కేంద్రములుండవలెను. 2019లో కేంద్రమువారు వంశానుగతవ్యాధుల కొరకు ఆరంభించిన ఉమ్మీద్ ప్రణాళికలో హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞానసంస్థకు స్థానము గలదు. కాగితముపై ఇవన్నియు చక్కగానున్నవి. పల్లెనుండి బిడ్డనెత్తుకొని వచ్చిన తల్లికి ఆ జిల్లాకేంద్రమున మాట నేర్పు నిపుణుడు, జన్యువిషయములు విడమరచి తెలుగున చెప్పు వైద్యుడు దొరకినప్పుడు గదా చట్టము ఫలించినట్లు!

మరియొక ముఖ్యవిషయము. జన్యుపరీక్షలో కనబడిన మార్పు హానికరమో కాదో తెలియవలెనన్నచో, అది ఆరోగ్యవంతులలో ఎందరికున్నదో తెలియవలెను. ఇంతకాలము ఆ లెక్కలు అధికముగా ఐరోపాజాతులవి. పరుల కొలమానముతో మన బిడ్డలను కొలుచుకొనుచుంటిమి. హైదరాబాదునందలి కణజీవశాస్త్రసంస్థ పండితులు పాలుపంచుకొని 2017లో ప్రకటించిన పరిశోధనము, తమలో తామే వివాహములాడు మన కులములలో పెక్కింటికి ప్రత్యేకమైన జన్యుచరిత్ర గలదని చూపినది. 2020లో ఆరంభమైన జీనోమ్ ఇండియా ప్రణాళిక 10 వేలమంది భారతీయుల జన్యులిపిని చదివి, 2025 జనవరిలో ఆ నిధిని పరిశోధకులకు తెరచినది. శాస్త్రమున స్వరాజ్యమనగా ఇదియే. అయితే ఆ నిధి ఫలము పరిశోధనశాలలలో నిలిచిపోక జిల్లా ఆసుపత్రి చీటీవరకు దిగిరావలెను.

జ్ఞానము కరుణను విడిచినచో ఏమగునో కూడ మరువరాదు. 1933లో జర్మనీయందు వంశశుద్ధి పేర చట్టము చేసి, లక్షలమందిని బలాత్కారముగా సంతానహీనులను గావించిరి. జన్యువుల పేరు చెప్పి బిడ్డలను, వంశములను వెలివేయుట ఆ త్రోవలో మొదటి మెట్టు. ఒక ఇంట ఆటిజము గల బిడ్డ యున్నదని ఆ ఇంటి ఆడపిల్లల సంబంధములు విరుగగొట్టు పెద్దమనుష్యులు తాము నిలిచిన మెట్టేదో ఒకమారు చూచుకొందురుగాక.

మా పాఠకులలో భూస్వాములున్నారు. పురపాలకసంఘములలో, పాఠశాలల యాజమాన్యములలో పలుకుబడి గలవారున్నారు. వారిని మేము కోరునది పెద్దది కాదు. మీ ఊరి బడిలో ఇట్టి బిడ్డకు చోటు దొరకునట్లు చూడుడు. రెండేండ్లకు మాట రాని బిడ్డను, వాడే మాటాడునులే యని కాలము గడపక, వేళకు పరీక్షకు పంపించుడు. అన్నిటికంటె ముందు, మీ ఇంటనే అట్టి బిడ్డ యున్నచో, ఆ తల్లిని చేరబిలిచి, అమ్మా, ఇది నీవు చేసినది కాదు అని ఇంటిపెద్ద నోటితో చెప్పుడు. పండితులు అర్ధశతాబ్దము శ్రమించి సంపాదించిన సత్యమునకు అంతకంటె మేలైన వినియోగము లేదు.